చందమామ మీదికి మనవాళ్లు ఇంకా వెళ్లలేదు

2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రయాన్-3లోని విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద దిగింది. ఇస్రో యూట్యూబ్ ప్రసారాన్ని ఒకే సమయంలో 80 లక్షల మందికి పైగా చూశారు. ఆ సంబరంలో రాజస్థాన్ మంత్రి ఒకరు చంద్రయాన్‌లో వెళ్లిన ‘యాత్రికుల’కు అభినందనలు చెప్పేశారు. అందులో యాత్రికులెవరూ లేరు. జనం ఆయన్ని చూసి నవ్వుకున్నారు గానీ, అమెరికావాళ్ల అపోలో కథనీ మన చంద్రయాన్ కథనీ కలగలిపేసుకున్నది ఆయనొక్కరే కాదు. ఆ కలగాపులగంలోంచి కొన్నింటిని విడదీసి చూద్దాం.

అపోహ: రాకేశ్ శర్మ చంద్రుడి మీదికి వెళ్లొచ్చారు.

వెళ్లలేదు. 1984 ఏప్రిల్ 3న సోయుజ్ టీ-11లో బయల్దేరి, సోవియట్ అంతరిక్ష కేంద్రం సల్యూట్-7లో ఉండి, మొత్తం మీద ఎనిమిది రోజుల్లోపే తిరిగొచ్చారు. భూమికి కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తు అది. చంద్రుడు సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉంటాడు. పైనుంచి భారత్ ఎలా కనిపిస్తోందని ఇందిరాగాంధీ అడిగితే ఆయన చెప్పిన ‘సారే జహాఁ సే అచ్ఛా’ జవాబు కూడా ఆ కేంద్రం నుంచే. ఆయన పెరిగింది, చదువుకున్నది హైదరాబాద్‌లో. నిజాం కాలేజీ విద్యార్థి. తర్వాత బెంగళూరు హెచ్‌ఏఎల్‌లో చీఫ్ టెస్ట్ పైలట్‌గా పనిచేశారు. మన ఊళ్ల మనిషి కాబట్టి చంద్రుణ్ని కూడా ఆయన ఖాతాలో వేసేసి ఉంటాం! ఇంతవరకు చంద్రుడి నేల మీద నడిచింది 12 మంది. 1969 జులై నుంచి 1972 డిసెంబరు దాకా ఆరు విడతల్లో దిగిన వాళ్లందరూ అమెరికన్లే.

అపోహ: ఆర్మ్‌స్ట్రాంగ్ అడుగు పెట్టడం మా బెంగళూరు ఇంట్లో టీవీలో లైవ్‌గా చూశాం.

ఈ మాట అన్న పెద్దలు అబద్ధం ఆడుతున్నారని నేననను. ఆ దృశ్యం తర్వాత ఎన్నిసార్లు చూశామో! అందుకే అప్పుడే చూసినట్టు జ్ఞాపకంలో అతుక్కుపోతుంది. మన కాలమానం ప్రకారం ఆ అడుగు పడింది 1969 జులై 21 ఉదయం 8 గంటల 26 నిమిషాలకు. అప్పటికి దేశంలో టీవీ ఉన్నది ఢిల్లీలోనే. బొంబాయికి వచ్చింది 1972లో. విదేశాల నుంచి ఉపగ్రహం ద్వారా బొమ్మ అందుకోవాలంటే కావలసిన భూకేంద్రం పుణె దగ్గర ఆర్వీలో తయారైంది 1971లో. బెంగళూరు దూరదర్శన్ కేంద్రం 1981 నాటిది. కాబట్టి ఆ ఉదయం మనవాళ్లు చెవులు రిక్కించి విన్నది రేడియో. బొమ్మలు తర్వాత పేపర్లలో, సినిమాకి ముందు వేసే న్యూస్‌రీళ్లలో. అపోలో-11 వ్యోమగాములు ముగ్గురినీ కళ్లారా చూసిన అదృష్టం మాత్రం ఆ అక్టోబరులో బొంబాయి వాళ్లకు దక్కింది. ప్రపంచ యాత్రలో భాగంగా వాళ్లు అక్కడికి వచ్చారు.

ఇక్కడే ఇంకో మాట. అపోలో చూసి ముచ్చటపడి, చంద్రుణ్ని అందుకోవడానికే ఇస్రో పెట్టారనేవాళ్లూ ఉన్నారు. ఇస్రో పుట్టిన తేదీ 1969 ఆగస్టు 15 కావడంతో ఈ కథ బాగా అతుకుతుంది కూడా. కానీ ఇస్రో వ్యవస్థాపకుడు విక్రమ్ సారాభాయ్ దీనికి పూర్తిగా వేరే మాట చెప్పారు. చంద్రుణ్ని అన్వేషించడంలోనో, మనుషుల్ని అంతరిక్షంలోకి పంపడంలోనో సంపన్న దేశాలతో పోటీపడాలన్న భ్రమ మనకు లేదనీ, ఈ సాంకేతికత సామాన్యుడి అవసరాలకు పనికిరావాలనీ ఆయన వాదన. సారాభాయ్ మరణం తర్వాత 1972లో సతీశ్ ధవన్ ఇస్రో బాధ్యత తీసుకున్నప్పుడు, ఐఐఎస్‌సీ డైరెక్టర్ పదవి వదలననీ, ప్రధాన కార్యాలయం బెంగళూరులో ఉండాలనీ షరతు పెట్టారు. అలా వచ్చింది ఈ ఊరికి ఇస్రో. యు.ఆర్.రావు బృందం తొలి ఉపగ్రహం ఆర్యభటను తయారుచేసింది పీణ్య పారిశ్రామికవాడలోని షెడ్లలో.

అపోహ: అపోలో మూడు నాలుగు రోజుల్లో వెళ్లింది, మనకు 40 రోజులు పట్టింది. అంటే మనం వెనకబడ్డట్టే.

ఎక్కువగా వినపడేదీ, ఎక్కువ అన్యాయమైనదీ ఇదే. శాటర్న్-5 రాకెట్ బరువు సుమారు 2,900 టన్నులు. చంద్రుడి వైపు అది తోసింది 40 టన్నులకు పైనే. మన ఎల్‌వీఎం-3 బరువు దాదాపు 640 టన్నులు. చంద్రయాన్-3 బరువు 3,900 కిలోలు. ఆ కాస్త బరువును కూడా నేరుగా చంద్రుడి దాకా విసిరే సత్తా మన రాకెట్‌కు లేదు. అందుకని జులై 14న దాన్ని భూమి చుట్టూ ఒక సాగిన కోడిగుడ్డు ఆకారపు కక్ష్యలో వదిలిపెట్టింది. భూమికి బాగా దగ్గరగా వచ్చి, అత్యధిక వేగంతో దూసుకెళ్లే చోట ఇంజిన్‌ను కాసేపు మండిస్తారు. తక్కువ ఇంధనంతో ఎక్కువ ఫలితం దక్కేది అక్కడే. ఉయ్యాలను అడుక్కు వచ్చినప్పుడు తోస్తే పైకి ఎగిసినట్టు, ప్రతిసారీ కక్ష్య అవతలి కొస దూరం జరుగుతుంది. అలా అయిదుసార్లు చేసి, ఆగస్టు 1న చంద్రుడి దారి పట్టించారు. 5న చంద్రుడి కక్ష్యలోకి చేరింది.

ఇదే పద్ధతిలో మనుషుల్ని పంపకూడదా అంటే, యంత్రానికి ఆకలి వేయదు. మనిషికి తిండి, నీళ్లు, ఆక్సిజన్ కావాలి. ప్రతి చుట్టులోనూ భూమి చుట్టూ ఉన్న రేడియేషన్ పట్టీలను దాటాలి. అపోలో వాటిని వేగంగా దాటేసింది. పైగా మనిషిని తిరిగి తీసుకురావాలి కదా! 615 కోట్లలో చంద్రయాన్-3 చేశామనీ, అది ఫలానా సినిమా బడ్జెట్ కన్నా తక్కువనీ వాట్సాప్‌లో మురిసిపోయేవాళ్లు మర్చిపోయేది దీన్నే. విక్రమ్‌కు వెళ్లడానికే తప్ప రావడానికి టికెట్ లేదు.

గగన్‌యాన్ కూడా చంద్రుడికి కాదు. భూమికి 400 కిలోమీటర్ల ఎత్తులో ముగ్గురిని మూడు రోజులు ఉంచి సముద్రంలో దించడం దాని లక్ష్యం. మన వ్యోమగామి శుభాంశు శుక్లా 2025 జూన్‌లో వెళ్లింది అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి. అమెరికావాళ్ల ఆర్టెమిస్-2 కూడా నలుగురితో చంద్రుణ్ని చుట్టి రావడానికి రూపొందించిందే, దిగడానికి కాదు. భారతీయుడు చంద్రుడి మీద దిగడానికి కేంద్ర ప్రభుత్వం పెట్టుకున్న గడువు 2040.

అపోహ: బెంగళూరులో కూర్చుని ఎవరో రిమోట్‌తో విక్రమ్‌ను దించారు.

ఇంతకన్నా ముందు, శ్రీహరికోట నుంచే దించారనుకునేవాళ్లకు చిన్న దిద్దుబాటు. రాకెట్ ఎగిరేది శ్రీహరికోట నుంచి. తర్వాతి వ్యవహారమంతా బెంగళూరు పీణ్యలో ఉన్న ఇస్రో ట్రాకింగ్ కేంద్రం ఇస్ట్రాక్‌ది. దిగే ముందు చివరి దాదాపు ఇరవై నిమిషాల్లో అక్కడి ఇంజనీర్లు చేసింది చూస్తూ కూర్చోవడమే. సంకేతం వెళ్లి జవాబు రావడానికి రెండున్నర సెకన్లు పడుతుంది. గంటకు 6,000 కిలోమీటర్ల వేగంతో, 30 కిలోమీటర్ల ఎత్తు నుంచి దిగేదాన్ని అంత ఆలస్యంతో నడపలేం. వేగం తగ్గించుకోవడం, నిటారుగా నిలబడటం, కెమెరాలతో నేల చూసి గుంటలూ బండలూ లేని చోటు ఎంచుకోవడం, అన్నీ విక్రమ్ సొంతంగా చేసుకున్నవే. 1969లో కంప్యూటర్ రాళ్లున్న చోటికి తీసుకెళ్తుంటే, చివరి నిమిషాల్లో ఆర్మ్‌స్ట్రాంగ్ కంట్రోల్ తన చేతిలోకి తీసుకోవలసి వచ్చింది. 54 ఏళ్ల తర్వాత విక్రమ్ ఆ పని మనిషి లేకుండానే ముగించింది.

ఈ ప్రయోగాల వెనకున్న మనుషుల విషయంలోనూ ఇలాంటి పొరపాటే ఉంది. చంద్రయాన్ పండగప్పుడు మహిళా శాస్త్రవేత్తలంటూ పంచుకునే ఫొటో ఒకటుంది. పట్టుచీరలు, తలలో పూలతో నవ్వుతున్న ఆడవాళ్లు. అది 2014 సెప్టెంబరు నాటిది, మంగళ్‌యాన్ విజయం అప్పటిది. అందులో ఉన్నది పరిపాలనా విభాగం ఉద్యోగినులని ఇస్రోనే చెప్పింది. దీన్ని పట్టుకుని ‘ఇస్రోలో మహిళా శాస్త్రవేత్తలున్నారన్నది ఉత్తదే’ అనడం ఇంకో తప్పు. చంద్రయాన్-2కి ప్రాజెక్టు డైరెక్టర్ ఎం.వనిత, మిషన్ డైరెక్టర్ రీతూ కరిధాల్. చంద్రయాన్-3కి అసోసియేట్ ప్రాజెక్టు డైరెక్టర్ కల్పన కాళహస్తి.

అపోహ: అసలు అపోలో అంతా స్టూడియోలో తీసిందే.

గాలి లేని చోట జెండా రెపరెపలాడిందని వీళ్ల వాదన. ముడతలుపడ్డ గుడ్డను చాచి ఉంచడానికి పైన అడ్డంగా ఒక కడ్డీ ఉంది, అంతే. అమెరికా మాట మీద నమ్మకం లేకపోతే మన సాక్ష్యమే ఉంది. చంద్రయాన్-2 ఆర్బిటర్ ఇప్పటికీ చంద్రుడి చుట్టూ తిరుగుతోంది. 100 కిలోమీటర్ల ఎత్తు నుంచి పావు మీటరు వస్తువును గుర్తుపట్టగల దాని కెమెరా 2021లో అపోలో-11 దిగిన చోటును తీసింది. అపోలో-11 ల్యాండర్ ఈగిల్ అడుగుభాగం అందులో కనిపిస్తుంది. ఆ ఆర్బిటర్ డేటాను అందుకునేది బెంగళూరు శివార్లలోని బ్యాలాళు యాంటెన్నాలు, భద్రపరిచేది అక్కడి డేటా సెంటర్. ఆసక్తి ఉన్నవాళ్లు వెబ్‌సైట్‌లో నమోదు చేసుకుని దించుకోవచ్చు. ఆ జెండా కోసం మాత్రం వెతక్కండి. తిరుగు ప్రయాణంలో ఇంజిన్ మండినప్పుడే అది పడిపోవడం చూశానని ఆర్మ్‌స్ట్రాంగ్‌తో పాటు దిగిన ఆల్డ్రిన్ చెప్పారు.