కోడిగుడ్డు బంతితో నాలుగు దేశాలు

ఫిజీ దేశంలో నాయుడు, రెడ్డి అన్న ఇంటిపేర్లు వినబడితే మనం ఆశ్చర్యపోనక్కర్లేదు. 1903 నుంచి 1916 దాకా మద్రాసు రేవులో ఓడలెక్కి చెరకు తోటల్లో కూలీకి వెళ్లినవారిలో ఉత్తర ఆర్కాటు జిల్లావారు చాలామంది. చిత్తూరు 1911 దాకా ఆ జిల్లాలోనిదే, జిల్లా కేంద్రం కూడా అదే. ఆ తర్వాతే కేంద్రం వేలూరుకు మారింది. అందువల్ల పాత కాగితాల్లో 'ఉత్తర ఆర్కాటు' అని ఉన్న కూలీ గుడియాత్తంవాడూ కావచ్చు, పలమనేరు వైపువాడూ కావచ్చు. తమిళం మాట్లాడేవాడో తెలుగు మాట్లాడేవాడో ఆ ఒక్క మాటతో తేలదు.

ఇప్పుడు చెప్పబోయే ఆటగాడు మాత్రం మనవాళ్ల సంతతి కాదు. ఆ దీవుల మూలవాసి, తావెఉని దీవికి చెందిన సెమీ రద్రద్ర. 1992లో పుట్టాడు. ఆడే ఆట రగ్బీ.

మన పిల్లలకు ఈ ఆటను కబడ్డీతో పోల్చి చెప్పడమే సులువు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకలో పెట్టుకుని ఎదుటివారి గీత దాటి నేలకు ఆనించాలి. దాన్ని 'ట్రై' అంటారు. అడ్డొచ్చేవాళ్లు కబడ్డీలో లాగే పట్టుపట్టి పడేస్తారు. చేత్తో బంతిని వెనక్కి, పక్కకి మాత్రమే వెయ్యాలి, ముందుకు వెయ్యకూడదు. పదిహేనుమంది ఆడే యూనియన్, పదమూడుమంది ఆడే లీగ్, ఏడుగురి సెవెన్స్ అని మూడు రకాలు. పేరు ఒకటే గానీ నియమాలు వేరు, యూనియన్‌కూ లీగ్‌కూ యాజమాన్యాలు వేరు. యూనియన్ ఆటలో ఆటగాడికి బాహాటంగా జీతం ఇవ్వడానికి 1995 దాకా ఒప్పుకోలేదు.

రద్రద్ర మొదట ఫిజీ అండర్-20 జట్టులో యూనియన్ ఆడాడు. అక్కణ్నించి ఆస్ట్రేలియాలోని పారమట్టా క్లబ్బుకు వెళ్లి, అలవాటైన ఆట వదిలి లీగ్ నేర్చుకున్నాడు. తెలుగు మీడియంలో చదివినవాణ్ని ఒక్కసారిగా తమిళ మీడియం క్లాసులో కూర్చోబెట్టినట్టే ఉంటుంది అది. 2013లో తొలి మ్యాచ్. 2015 సీజన్‌లో 24 ట్రైలు చేసి ఆ దేశపు లీగ్‌లో అందరికన్నా ముందు నిలిచాడు. 2016లో ఆస్ట్రేలియా జాతీయ జట్టు చొక్కా తొడిగి న్యూజిలాండ్ మీద ఒక టెస్టు ఆడాడు. ఫిజీవాడు ఆస్ట్రేలియాకు ఆడటమేమిటని అప్పట్లో గట్టిగానే వాదులాడుకున్నారు. నాకైతే ఆ వాదన పరాయిదిగా అనిపించదు. రెండు భాషల మధ్య బతికే మనల్ని 'నువ్వు ఎవరివాడివి?' అని అడగనివారు ఎవరు?

2017లో మళ్లీ యూనియన్‌కు, ఈసారి ఫ్రాన్సులోని తులోన్ క్లబ్బుకు వెళ్లాడు. మరుసటి ఏడాది బోర్డో. 2019లో జపాన్‌లో జరిగిన ప్రపంచ కప్పులో సొంత దేశం ఫిజీ తరఫున ఆడాడు. జార్జియాను 45-10తో ఓడించిన మ్యాచ్‌లో అతని పరుగులు చూసినవాళ్లు మరిచిపోలేదు. 2020లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌కు మారాడు. ఆ అక్టోబరులోనే బ్రిస్టల్ యూరోపియన్ ఛాలెంజ్ కప్పు గెలిచింది, ఫైనల్లో ఓడింది అతని పాత క్లబ్బు తులోన్. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో ఫిజీ సెవెన్స్ జట్టు న్యూజిలాండ్‌ను 27-12తో ఓడించి స్వర్ణం తెచ్చుకుంది, ఆ జట్టులోనూ ఉన్నాడు. కరోనా కారణంగా ఆ జట్టు నెలల తరబడి ఇళ్లకు దూరంగా శిబిరంలో గడిపింది. 2023లో మళ్లీ ఫ్రాన్సు, లియోన్ క్లబ్బు.

పట్టుమని పదిలక్షల జనం లేని దేశం ఫిజీ. 2016లో రియోలో సెవెన్స్ స్వర్ణమే ఆ దేశానికి తొలి ఒలింపిక్ పతకం. ఆ సంబరానికి ఏకంగా ఏడు డాలర్ల నోటు అచ్చువేశారు.

మన బడుల్లో తల్లిదండ్రుల సమావేశంలో ఆటల మాట ఎత్తితే వచ్చే ప్రశ్న ఒకటే: 'ఆడితే ఉద్యోగం వస్తుందా?' ఆ ప్రశ్నలో తప్పులేదు. వేలూరు సత్తువాచారి కుర్రాడు సతీశ్ శివలింగం 2014లో గ్లాస్గోలో, 2018లో గోల్డ్ కోస్ట్‌లో 77 కిలోల విభాగంలో కామన్వెల్త్ స్వర్ణాలు ఎత్తాడు, రైల్వే ఉద్యోగం వచ్చింది. మనకు తెలిసిన దారి అది. ఫిజీ కుర్రాడి దారి వేరు. అతని చేతిలో ఉండేది రెండు మూడేళ్ల ఒప్పందం. మోకాలు తిరగబడితే ఆ ఒప్పందమే చివరిది కావచ్చు. ఫ్రాన్సుకు చెందిన క్లెర్మాంట్ క్లబ్బు ఫిజీలోని నద్రోగలో శిక్షణ కేంద్రంతో చేయి కలిపి, కుర్రాళ్లను నేరుగా తీసుకెళ్లింది. కొందరు గొప్పవాళ్లయ్యారు. కానీ ఊరుగాని ఊళ్లో దిగిన కుర్రాడి ముందు పెట్టే కాగితం ఫ్రెంచిలో ఉంటుంది. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించేవాడు తన మేలు కోరేవాడో కాదో తేల్చుకునే భాష అతని దగ్గర ఉండదు. ఇక్కడ ఆటల మాస్టారు ఒక్కరే సరిపోరు, భాషల టీచరు కూడా కావాలి. ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం, బళ్లో ఇంగ్లిషు నేర్చిన పిల్లవాడికి నాలుగో భాష అంత భయపెట్టదని నా నమ్మకం. పదో తరగతి తమిళ పేపరు గురించి మనం ఏళ్ల తరబడి ఆందోళన పడుతున్నాం. ఆందోళన న్యాయమైనదే. అయినా పిల్లల్లో అప్పటికే ఉన్న ఈ బలాన్ని మనం లెక్కలోకి తీసుకోవడం లేదు.

ఫిజీలో మనవాళ్ల సంగతి కూడా చెప్పాలి. వాళ్లు రగ్బీ వైపు పెద్దగా పోలేదు, ఫుట్‌బాల్ పట్టుకున్నారు. 1926లో నాందిలో మొదలైన దక్షిణాది సంగం ఇరవైకి పైగా ప్రాథమిక పాఠశాలలు నడుపుతోంది. దాని వార్షిక సమావేశం ఈస్టర్ సెలవుల్లో జరుగుతుంది, ఫుట్‌బాల్ పోటీలు అందులో భాగం. తెలుగువారు 1941లో వేరుగా ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. బడులు నిలిచాయి, పోటీలు నిలిచాయి. ఇళ్లలో మాట మాత్రం చాలావరకు ఫిజీ హిందీ అయిపోయింది. నాయుడు అన్న పేరు మిగిలింది, 'అమ్మా, అన్నం పెట్టు' అనే మాట మిగల్లేదు.

మన దేశంలోనూ రగ్బీ కదులుతోంది. 2025 జూన్‌లో ముంబైలో జరిగిన తొలి రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో ఆరు జట్లు ఆడాయి. వాటిలో హైదరాబాద్, చెన్నై ఉన్నాయి. కప్పు చెన్నై బుల్స్ గెలిచింది. ఫిజీ ఆటగాళ్లూ వచ్చి ఆడారు.

మన బడుల్లో మొదలుపెట్టాలంటే పడేసే ఆట అక్కర్లేదు. ముట్టుకుంటే చాలు, పట్టుపట్టినట్టే లెక్కించే టచ్ రగ్బీ ఉంది, ఆడపిల్లలు మగపిల్లలు కలిసి ఆడుకోవచ్చు. రాళ్లు ఏరేసిన మైదానం, ఒక బంతి, ఈల ఊదే మాస్టారు ఉంటే సాయంత్రం ఆఖరి పీరియడ్‌లో ఆడించవచ్చు.