లినక్స్‌పై విండోస్ ఆటలు, తెలుగు పాఠాలు: సాఫ్ట్‌వేర్ అనుకూలత – ఒక వివరణ

వ్యాససంగ్రహం: విండోస్ కోసం తయారైన ఆటలు లినక్స్‌పై నడవడం ఒకప్పుడు అపురూపం, నేడది సాధారణం. ఈ మార్పు ఎలా సాధ్యమైందో వివరించి, అదే పద్ధతి పాత తెలుగు డీటీపీ ఫైళ్లను ఎంతవరకు కాపాడగలదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ప్రోగ్రామును నడపగలగడం వేరు, పాఠాన్ని నిలుపుకోవడం వేరు అన్నది ఇందులోని ప్రధాన ప్రతిపాదన.

కీలకపదాలు: లినక్స్, వైన్, ప్రోటాన్, యూనికోడ్, అను ఫాంట్లు, తెలుగు డీటీపీ.

1. ప్రవేశిక

తెలుగు శాఖలలో సమర్పితమైన సిద్ధాంత గ్రంథాలలో ఎన్నో డీటీపీ కేంద్రాలలో అను ఫాంట్లతో, పేజ్‌మేకర్‌లో కూర్చినవి. ఆ ఫైళ్లు విండోస్‌తో ముడిపడి ఉన్నాయి. పేజ్‌మేకర్ చివరి ప్రధాన సంచిక 7.0 వెలువడింది 2001లో. లైసెన్సు రుసుము లేని లినక్స్‌కు మారాలనుకునే అధ్యాపకునికి కలిగే మొదటి సందేహం పాత ఫైళ్లు తెరుచుకుంటాయా అన్నదే. కంప్యూటర్ ఆటలు ఆడేవారు కూడా చాలాకాలం ఇదే ప్రశ్న వేశారు. వారికి దొరికిన సమాధానాన్ని ముందుగా పరిశీలిస్తే తెలుగు పాఠాల సమస్య స్వరూపం స్పష్టమవుతుంది.

2. అననుకూలతకు మూలం

విండోస్, లినక్స్ రెండూ ఒకే రకమైన ప్రాసెసర్‌పై నడవగలవు. అందువల్ల ప్రోగ్రాములోని గణన ఆదేశాలు రెండుచోట్లా చెల్లుతాయి. తేడా వచ్చేది ప్రోగ్రాము వ్యవస్థను సేవలు కోరే తీరులో. ఫైలు తెరవాలన్నా, తెరపై బొమ్మ గీయాలన్నా ప్రోగ్రాము వ్యవస్థను అడగాలి. విండోస్ ప్రోగ్రాము అడిగే మాటలు లినక్స్‌కు అర్థం కావు. ఫైలు నిర్మాణం సైతం వేరు.

కామారెడ్డి జిల్లాలోని జుక్కల్, మద్నూర్, పెద్ద కొడప్‌గల్ ప్రాంతం మహారాష్ట్ర, కర్ణాటకలకు చేరువైనది. అటువంటి సరిహద్దు సీమలో రెండు భాషలు తెలిసిన మనిషి మధ్యన నిలిస్తే బేరం సాగుతుంది. అమ్మేవారు గాని కొనేవారు గాని తమ భాష మార్చుకోనక్కరలేదు. సాఫ్ట్‌వేర్‌లో ఇటువంటి దుబాసి పేరు వైన్.

3. దుబాసి పద్ధతి: వైన్ నుండి ప్రోటాన్ వరకు

వైన్ నిర్మాణం 1993లో మొదలైంది. ఇది విండోస్‌ను అనుకరించే కృత్రిమ యంత్రం కాదు. విండోస్ అందించే సేవలను లినక్స్‌పై కొత్తగా రాసి, ప్రోగ్రాము కోరినప్పుడు అందజేస్తుంది. సేవలు వేల సంఖ్యలో ఉండటం వల్ల దీని 1.0 సంచిక రావడానికి 15 ఏళ్లు పట్టింది. అది 2008లో వెలువడింది.

ఆటలకు మరొక చిక్కు ఉంది. విండోస్ ఆటల్లో అధిక భాగం దృశ్యాలను డైరెక్ట్‌ఎక్స్ ద్వారా గీస్తాయి. 2016లో బహిరంగ ప్రమాణంగా వచ్చిన వల్కన్ ఈ చిక్కు విడిపోవడానికి మార్గమైంది. డైరెక్ట్‌ఎక్స్ ఆదేశాలను వల్కన్‌లోకి మార్చే డీఎక్స్‌వీకే దానిపై ఆధారపడి రూపొందింది. వైన్‌ను, డీఎక్స్‌వీకేను కలిపి వాల్వ్ సంస్థ 2018 ఆగస్టులో ప్రోటాన్‌ను విడుదల చేసింది. 2022లో అదే సంస్థ అందించిన స్టీమ్ డెక్ అనే చేతి పరికరం లినక్స్‌పైనే నడుస్తూ, ప్రోటాన్ ద్వారా విండోస్ ఆటలను ఆడిస్తుంది.

4. స్థానిక రూపాల పరిస్థితి

లినక్స్ కోసమే ఆటను సిద్ధం చేయడం స్థానిక పద్ధతి. 1998లో ఏర్పడిన లోకీ సాఫ్ట్‌వేర్ ప్రసిద్ధ ఆటలకు లినక్స్ రూపాలు తయారుచేసి అమ్మింది. 2002 నాటికి మూతపడింది. మూల రచన కన్నా అనువాదం తక్కువదని సాహిత్యంలో భావించినట్లే, ఇక్కడ కూడా స్థానిక రూపమే శ్రేష్ఠమని భావించడం సహజం. ఆచరణ అన్నివేళలా అలా లేదు. లినక్స్ పంపిణీలు అనేకం. వాటిలోని గ్రంథాలయాలు, అంటే ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకునే కోడ్ భాగాలు, కాలక్రమాన మారుతుంటాయి. 2019లో ఉబుంటు 32 బిట్ల ప్యాకేజీలను తొలగించదలచింది. పాత ఆటలు పనిచేయవన్న అభ్యంతరాలు రావడంతో అవసరమైన ప్యాకేజీలను కొనసాగించింది. నిర్మాతలు వదిలేసిన స్థానిక రూపం ఇలా వెనుకబడుతుంది. దుబాసిని మాత్రం ఒకచోట సరిదిద్దితే దానిపై ఆధారపడిన ఆటలన్నింటికీ ఆ ఫలితం అందుతుంది.

ఈ పద్ధతికీ హద్దులున్నాయి. మోసాన్ని అరికట్టేందుకు విండోస్ కెర్నెల్‌లోకే చొచ్చుకుపోయే రక్షణ ప్రోగ్రాములు కొన్ని ఆటలకు తప్పనిసరి. వైన్ కెర్నెల్‌కు బయట నిలిచే దుబాసి గనుక అటువంటి ఆటలు నడవవు. ప్రోగ్రాము వ్యవస్థ లోతుల్లోకి వెళ్లేకొద్దీ అనువాదం కష్టమవుతుంది.

5. తెలుగు పాఠాలకు అన్వయం

పాత తెలుగు డీటీపీ పనికి మూడు అంగాలు: పేజీ కూర్చే ప్రోగ్రాము, కీబోర్డు నడిపే ప్రోగ్రాము, ఫాంటు. మొదటిది వైన్‌లో తెరుచుకున్నా రెండవది ఇబ్బంది పెట్టవచ్చు. విండోస్‌లో కీబోర్డు ప్రోగ్రాము ప్రతి మీటనూ అడ్డగించి వ్యవస్థ అంతటా పనిచేస్తుంది. లినక్స్‌లో దాని అధికారం వైన్ లోపలి ప్రోగ్రాములకే పరిమితం.

మూడవ అంగమైన ఫాంటు దగ్గర సమస్య స్వభావమే మారుతుంది. అను వంటి ఫాంట్లలో అక్షరాలు అక్షరాలుగా నిక్షిప్తం కావు. తలకట్టు, గుడి, వత్తు వంటి ముక్కలు రోమన్ లిపికి కేటాయించిన సంకేతాలలో కూర్చుంటాయి. ఫాంటు ఉంటే తెలుగు కనిపిస్తుంది. తీసివేస్తే అర్థంలేని రోమన్ అక్షరాలు మిగులుతాయి. అటువంటి ఫైలులో యూనికోడ్ తెలుగు పదాన్ని వెతికితే దొరకదు. దృష్టిలోపం గలవారికి చదివి వినిపించే సాధనం దానిని తెలుగుగా గుర్తించదు. వైన్ ఎంత సమర్థంగా ప్రోగ్రామును నడిపినా ఈ స్థితి మారదు. ఆటకు నడవడమే పరమార్థం. సిద్ధాంత గ్రంథానికి చదవబడటం, వెతకబడటం, ఉటంకించబడటం పరమార్థం.

1991లో వెలువడిన యూనికోడ్ తొలి సంచికలోనే తెలుగుకు 128 స్థానాలు గల విభాగం ఏర్పడింది. ‘లక్ష్మి’ అన్న పదం ఇందులో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అనే ఏడు సంకేతాలుగా ఉచ్చారణ క్రమంలో నిలుస్తుంది. వాటిని తగిన ఆకృతిలో పేర్చే పని ఫాంటులోని నియమాలది, హార్ఫ్‌బజ్ వంటి లిపి విన్యాస సాధనాలది. బహిరంగంగా లభించే హార్ఫ్‌బజ్‌ను ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రేఆఫీస్ వాడుతున్నాయి. పోతన, వేమన, లోహిత్, రామభద్ర వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా లభిస్తాయి. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగు ముఖతలంతో లినక్స్ పంపిణీని రూపొందించింది. యూనికోడ్‌లో రాసిన పాఠం ఏ వ్యవస్థలోనైనా తెలుగే.

పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే పరివర్తకాలున్నాయి. అయితే పాత ఫాంటులో ముక్కలు కంటికి కనిపించే వరుసలో ఉంటాయి. ‘క్కి’లో గుడి ముందు, వత్తు తరువాత రావచ్చు, యూనికోడ్‌లో వత్తు ముందు, గుడి తరువాత. ఈ క్రమాన్ని తిరగవేయడంలోనే పొరపాట్లు దొర్లుతాయి. కాబట్టి మూల ఫైలును భద్రపరచడం, మార్చిన పాఠాన్ని ముద్రిత ప్రతితో పోల్చి పరిష్కరించడం తప్పనిసరి. తాళపత్ర ప్రతులను పరిష్కరించిన పండితులు అనుసరించిన క్రమశిక్షణే ఇక్కడ కూడా అవసరం.

6. ముగింపు

లినక్స్‌పై ఆటల చరిత్ర రెండు అంశాలను స్పష్టం చేస్తుంది. ఒకటి, స్థానిక రూపం లేకున్నా నమ్మకమైన దుబాసి ఉంటే ప్రోగ్రాము కొత్త వ్యవస్థలో జీవిస్తుంది. రెండు, ఆ దుబాసి బలం వల్కన్ వంటి బహిరంగ ప్రమాణాలపై ఆధారపడి ఉంటుంది. తెలుగు పరిశోధనకు మొదటి అంశం తాత్కాలిక సహాయం మాత్రమే: పాత ఫైలును తెరిచి చూసుకునేందుకు, పీడీఎఫ్ తీసుకునేందుకు వైన్ ఉపకరించవచ్చు. శాశ్వత పరిష్కారం రెండవదానిలోనే ఉంది. పాత ఫైళ్లు తెరవగల యంత్రాలు, ఆ ఫాంట్ల కూర్పు తెలిసిన డీటీపీ నిపుణులు అందుబాటులో ఉన్నప్పుడే వాటిని యూనికోడ్‌లోకి మార్చడం తెలుగు శాఖలు చేపట్టవలసిన పని. కొత్త సిద్ధాంత గ్రంథాలను మొదటి పుట నుండే యూనికోడ్‌లో రాయించడం అంతకన్నా సులభమైన పని.