పేజీ పట్టికలకు ప్రత్యేక పద్దు

ఒకే సర్వర్‌పై అనేక వర్చువల్ మెషీన్లు నడిచేటప్పుడు, వాటిలో ఒక్కొక్కటి తనదనుకునే మెమరీ చిరునామా అసలు ర్యామ్‌లో ఎక్కడుందో చూపే పేజీ పట్టికలను హోస్ట్ వ్యవస్థ విడిగా నిర్వహిస్తుంది. ఆ పట్టికలూ ర్యామ్‌లోనే చోటు ఆక్రమిస్తాయి. 64 బిట్ల ఎక్స్86 ప్రాసెసర్లలో 4 కిలోబైట్ల పేజీ ఒక్కొక్కదానికి 8 బైట్ల నమోదు అవసరం కనుక, 64 గిగాబైట్ల మెమరీ మొత్తాన్నీ వాడుకునే అతిథి యంత్రానికి, అంటే వర్చువల్ మెషీన్‌కు, అట్టడుగు అంచె పట్టికలకే 128 మెగాబైట్లు పడతాయి. 2 మెగాబైట్ల పెద్ద పేజీలు వాడితే ఈ భారం చాలావరకు తొలగిపోతుంది. అయినా లినక్స్‌లోని వర్చువలైజేషన్ భాగమైన కేవీఎం వాడే ఈ పట్టికలు చాలాకాలం మెమరీ గణాంకాల్లో ప్రత్యేకంగా కనిపించేవి కావు. 2022 డిసెంబరులో విడుదలైన 6.1 కెర్నెల్ వాటికి ‘సెక్‌పేజ్‌టేబుల్స్’ అనే పద్దు కల్పించింది. మామూలు పట్టికల లెక్కలో కలపకపోవడం సరైన నిర్ణయమే. మెమరీ ఎందుకు తరిగిపోతోందని వెతికే నిర్వాహకుడికి, ఆ ఖర్చు ప్రోగ్రాముల పట్టికలదా, అతిథి యంత్రాల పట్టికలదా అన్నది దీనివల్ల నేరుగా తెలుస్తుంది.