తేడా ఎవరిలో?.. స్వలింగ ప్రేమికులకు కార్యాలయాల్లో హేళన
* చట్టం అండ ఎంతవరకు? * బాధితులు, అధికారులు చేయవలసిందేమిటి?

(గ్రామీణ విలేకరి)

నిన్నటి వరకు ఒకే క్యారియరులోని కూర పంచుకున్నవారు ఈ రోజు బల్ల మార్చుకుంటారు. పేరు పెట్టి పిలిచిన నోళ్లే ‘తేడా’, ‘పాయింట్ ఫైవ్’ అంటాయి. టీ కొట్టు దగ్గర నవ్వులు.. గదిలోకి అడుగుపెట్టగానే నిశ్శబ్దం. తాను స్వలింగ ప్రేమికుడినని, లేదా స్వలింగ ప్రేమికురాలినని తోటివారికి చెప్పుకున్న ఉద్యోగికి తరచూ ఎదురయ్యే పరిస్థితి ఇది. మహానగరాల్లోని కొన్ని పెద్ద కంపెనీలు ఇటువంటి వారి రక్షణకు సొంతంగా నిబంధనలు రాసుకున్నాయి. మండల కార్యాలయం, పాఠశాల, రైసు మిల్లు, బట్టల దుకాణం వంటి చోట్ల పనిచేసేవారికి ఆ వెసులుబాటు అరుదు. పైగా అందరికీ అందరూ తెలిసిన ఊళ్లలో మధ్యాహ్నం ఆఫీసులో పుట్టిన మాట సాయంత్రానికి ఇంటి గుమ్మం తొక్కుతుంది. ఈ నేపథ్యంలో చట్టం ఏం చెబుతోంది, అది చేరలేని చోట ఎవరి బాధ్యత ఎంత అన్నది పరిశీలిద్దాం.

నేరం కాదు.. రోగమూ కాదు

వేధించేవారు సాధారణంగా రెండు మాటలు వాడతారు. ఒకటి ‘ఇది నేరం’. రెండోది ‘ఇది జబ్బు’. రెండూ నిజం కావు.

ఆంగ్లేయుల కాలంలో 1860లో రూపొందిన భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసింది. వయోజనుల పరస్పర అంగీకారంతో కూడిన సంబంధం నేరం కాదని ఢిల్లీ హైకోర్టు 2009 జులై 2న తీర్పు చెప్పింది. ఆ తీర్పును సుప్రీంకోర్టు 2013 డిసెంబరు 11న కొట్టివేసింది. లైంగిక అభిరుచి వ్యక్తి గోప్యతలో విడదీయరాని భాగమని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం స్పష్టం చేసింది. చివరకు 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఏకగ్రీవంగా ఆ నేరముద్రను తొలగించింది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 377వ సెక్షన్‌కు బదులుగా వేరే సెక్షన్ చేర్చలేదు.

వైద్యశాస్త్రం ఇంకా ముందే తేల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే స్వలింగ ఆకర్షణను వ్యాధుల జాబితా నుంచి తొలగించింది. ఇది రోగం కాదని భారత మనోరోగ వైద్యుల సంఘం 2018లో ప్రకటించింది. ‘మారుస్తాం’ అంటూ చేసే చికిత్సను వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా జాతీయ వైద్య కమిషన్ 2022లో పేర్కొంది. కాబట్టి ‘సెలవు పెట్టి డాక్టరుకు చూపించుకో’ అని సలహా ఇచ్చే అధికారి ఉద్దేశం మంచిదే అయినా, ఆ సలహాకు ఆధారం లేదు.

మరో గందరగోళం కూడా ఉంది. చాలామంది స్వలింగ ప్రేమికులను, ట్రాన్స్‌జెండర్లను ఒకే గాటన కడతారు. పుట్టినప్పుడు నమోదైన లింగానికి, తాము తమను గుర్తించుకునే లింగానికి పొంతన లేనివారు ట్రాన్స్‌జెండర్లు. స్వలింగ ప్రేమికుడు తనను పురుషుడిగానే గుర్తించుకుంటాడు. అతని అనురాగం మరో పురుషుడి పట్ల ఉంటుంది, అంతే. ఈ తేడా తెలియడం ఎందుకు ముఖ్యమంటే, ఇద్దరికీ వర్తించే చట్టాలు వేరు.

అండ ఉంది.. అందరికీ సమానంగా లేదు

ప్రభుత్వోద్యోగికి రాజ్యాంగమే రక్ష. లింగ ప్రాతిపదికన వివక్ష చూపరాదన్న 15వ అధికరణ లైంగిక అభిరుచికి కూడా వర్తిస్తుందని 2018 తీర్పు వివరించింది. దీని ఫలితం ఉత్తరప్రదేశ్‌లో కనిపించింది. బులంద్‌షహర్ జిల్లాలో ఒక హోంగార్డును, తన సహచరుడితో ఉన్న వీడియో బయటకు వచ్చిందన్న కారణంతో 2019లో విధుల నుంచి తొలగించారు. అలహాబాద్ హైకోర్టు 2021 ఫిబ్రవరిలో ఆ ఉత్తర్వును రద్దు చేసి, తిరిగి విధుల్లోకి తీసుకోవాలని ఆదేశించింది.

ట్రాన్స్‌జెండర్ ఉద్యోగుల పట్ల ఏ సంస్థా, ప్రైవేటుదైనా సరే, వివక్ష చూపరాదని 2019 నాటి చట్టం శాసించింది. ప్రతి సంస్థా ఒక ఫిర్యాదుల అధికారిని నియమించాలని కూడా నిర్దేశించింది. రెండు ప్రైవేటు పాఠశాలల్లో ఉద్యోగం పోగొట్టుకున్న ఒక ట్రాన్స్‌జెండర్ ఉపాధ్యాయురాలికి పరిహారం చెల్లించాలని సుప్రీంకోర్టు 2025 అక్టోబరు 17న తీర్పునిచ్చింది.

మహిళా ఉద్యోగులకు 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ఉపయోగపడుతుంది. అసభ్య వ్యాఖ్యలు, సైగలు కూడా దాని పరిధిలోకి వస్తాయి. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే తక్కువమంది ఉంటే జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ఘటన జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు అందాలి. వేధించినది మరో మహిళ అయినా ఫిర్యాదు చెల్లుతుందని కలకత్తా హైకోర్టు 2020లో తేల్చింది. పురుషులు ఈ చట్టం కింద ఫిర్యాదు చేయలేరు. అయితే కళాశాలలు, విశ్వవిద్యాలయాలకు యూజీసీ 2016లో ఇచ్చిన నిబంధనలు అన్ని లింగాల ఉద్యోగులనూ, విద్యార్థులనూ దృష్టిలో ఉంచుకున్నాయి.

ఇక మిగిలింది ప్రైవేటులో పనిచేసే స్వలింగ ప్రేమికుడైన పురుషుడు. లైంగిక అభిరుచి కారణంగా ప్రైవేటు యజమాని ఉద్యోగం నుంచి తీసివేయరాదని నేరుగా చెప్పే ప్రత్యేక కేంద్ర చట్టం లేదు. అసలు ఖాళీ ఇక్కడే ఉంది. అటువంటి వ్యక్తికి నియామక పత్రంలోని షరతులు, సంస్థ సొంత నిబంధనలు, సాధారణ నేర చట్టాలే దిక్కు. చేయి చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 115వ సెక్షన్, హాని చేస్తామని భయపెడితే 351, ‘ఇంట్లో చెబుతాను’ అంటూ బెదిరించి డబ్బు గుంజితే 308 సెక్షన్ కింద పోలీసులను ఆశ్రయించవచ్చు.

తీర్పు గెలిచింది.. మనిషి మిగల్లేదు

చట్టం ఒక్కటే చాలదని చెప్పడానికి అలీగఢ్ ఉదంతం చాలు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో మరాఠీ బోధించిన రామచంద్ర సిరాస్ ఇంట్లోకి 2010 ఫిబ్రవరిలో కొందరు కెమెరాతో చొరబడ్డారు. మరో పురుషుడితో ఉండగా చిత్రీకరించారు. చొరబాటు సంగతి అటుంచి, విశ్వవిద్యాలయం ఆయన్నే సస్పెండ్ చేసింది. క్వార్టరు కూడా ఖాళీ చేయమంది. అప్పటికి ఢిల్లీ హైకోర్టు తీర్పు వచ్చి ఏడు నెలలు దాటింది. ఏప్రిల్ 1న అలహాబాద్ హైకోర్టు సస్పెన్షన్‌ను నిలిపివేసింది. ఏప్రిల్ 7న ఆయన తన అద్దె గదిలో శవమై కనిపించారు.

కోర్టులో గెలవడానికి ఆయనకు రెండు నెలలు కూడా పట్టలేదు. మన వ్యవస్థలో అది చాలా తొందరగా వచ్చిన ఉపశమనం. అయినా ఆ రెండు నెలలు మనిషి ఎక్కడ ఉండాలి, ఎవరితో మాట్లాడాలి అన్నదానికి ఏ తీర్పులోనూ జవాబు దొరకదు. ఆ జవాబు చెప్పవలసింది తోటి ఉద్యోగులు.

బాధితులు చేయవలసినవి

* చెప్పుకోవడం హక్కే గాని విధి కాదు. ఎవరో గుచ్చి అడిగారని జవాబు చెప్పనవసరం లేదు. చెప్పదలచుకుంటే ముందు నమ్మకమైన ఒకరిద్దరికి చెప్పడం మేలు. ఇంట్లో తెలియకపోతే, ఆఫీసు మాట ఇల్లు చేరితే ఏమిటన్నది ముందే ఆలోచించుకోవాలి.

* తొలి హేళనకు కోపంతో కాక స్పష్టంగా బదులివ్వాలి. ‘ఈ మాట నాకు ఇష్టం లేదు, మళ్లీ అనవద్దు’ అంటే చాలు. తెలియక అన్నవారు అక్కడితో ఆగుతారు. ఆగనివారు ఎవరో తేలిపోతుంది.

* ప్రతి ఘటనకూ తేదీ, సమయం, అన్న మాట, అక్కడున్నవారి పేర్లు ఒక పుస్తకంలో అదే రోజు రాసుకోవాలి. వాట్సాప్ గ్రూపులో వచ్చినవాటిని స్క్రీన్‌షాట్ తీసి భద్రపరచాలి. చెరిపివేయరాదు.

* ఫిర్యాదు నోటిమాటగా కాక లిఖితపూర్వకంగా ఇవ్వాలి. ఇన్‌వార్డులో ఇచ్చి నకలుపై ముద్ర వేయించుకోవాలి. తీసుకోకపోతే స్పీడ్‌పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. వివరాలు గోప్యంగా ఉంచాలని అందులోనే కోరాలి.

* ఆవేశంలో రాజీనామా రాయరాదు. తెల్లకాగితంపై సంతకం అసలే చేయరాదు. సొంతంగా మానేసినట్లు కాగితం ఉంటే తరువాత పోరాటం కష్టమవుతుంది. ప్రభుత్వోద్యోగి అయితే అభియోగాలు తెలిపి, సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇచ్చి, విచారణ జరిపిన తరువాతే తొలగించవలసి ఉంటుంది. సస్పెన్షన్‌పై అప్పీలు చేసుకునే హక్కు కూడా ఉంది.

* ప్రభుత్వ కార్యాలయంలో ఫిర్యాదుపై ఏం చర్య తీసుకున్నారో సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. సాధారణంగా 30 రోజుల్లో జవాబు రావాలి.

* వకీలును పెట్టుకునే స్తోమత లేనివారు జిల్లా న్యాయసేవాధికార సంస్థను సంప్రదించాలి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, నిర్దేశిత ఆదాయం లోపు ఉన్నవారికి న్యాయ సహాయం ఉచితం. ఫోన్ నంబరు 15100. మనసు కుంగినప్పుడు టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా మాట్లాడవచ్చు.

అధికారి మౌనం.. వేధించేవారికి బలం

ఫిర్యాదు అందగానే చాలామంది అధికారులు చేసే మొదటి పని బాధితుడిని వేరే సెక్షనుకు, లేదా వేరే ఊరికి మార్చడం. గొడవ సద్దుమణుగుతుందన్నది వారి ఉద్దేశం. కాని చూసేవారికి శిక్ష పడింది బాధితుడికేనని అనిపిస్తుంది. బాధితుడు స్వయంగా కోరితే తప్ప బదిలీ పరిష్కారం కాదు. ఇద్దరినీ కూర్చోబెట్టి ‘సర్దుకుపోండి’ అనడం కూడా అటువంటిదే. హేళన చేసినవారిని పిలిపించి వివరణ కోరాలి, అవసరమైతే మెమో ఇవ్వాలి. ఫిర్యాదు సంగతి గది దాటకుండా చూడాలి. సిబ్బంది సమావేశంలో పేరు ఎత్తకుండానే, కార్యాలయంలో ఎవరి వ్యక్తిగత జీవితంపైనా వ్యాఖ్యలు సహించేది లేదని ఒక్కసారి గట్టిగా చెబితే సగం నోళ్లు మూతపడతాయి.

ఇందులో కార్యాలయానికీ లాభం ఉంది. అవమానానికి భయపడి సెలవులు పెట్టే గుమాస్తా వద్ద ఫైళ్లు పేరుకుపోతాయి. ఉపాధ్యాయుడు మానేస్తే నష్టపోయేది పిల్లలు.

పక్క కుర్చీలోనివారి మాట

ఆఫీసులో హేళన చేసేవారు సాధారణంగా ఇద్దరో ముగ్గురో ఉంటారు. మిగిలినవారు నవ్వుతారు, లేదా తల దించుకుంటారు. ఆ నవ్వే వారికి ఊతం. మతం, సంప్రదాయం దృష్ట్యా స్వలింగ ప్రేమను అంగీకరించలేనివారు ఉండవచ్చు. వారి అభిప్రాయం వారిది. సుప్రీంకోర్టు కూడా 2023 అక్టోబరు 17న స్వలింగ వివాహాలకు చట్టబద్ధత కల్పించడానికి నిరాకరించింది. ఆ వాదం సాగుతూనే ఉంటుంది. కాని ఒక మనిషి పనిచేసే చోట పరువుగా కూర్చోవడానికి ఆ వాదం తేలనక్కరలేదు. ‘ఆ మాట ఇక చాలు’ అని ఒక్కరు అనడం, మధ్యాహ్నం భోజనానికి ఎప్పటిలాగే పిలవడం, ఫిర్యాదులో సాక్షిగా పేరు రాయించుకోవడం.. వీటికి చట్టం అక్కరలేదు, ఖర్చూ లేదు. కోర్టు నుంచి ఉత్తర్వు రావడానికి నెలలో, సంవత్సరాలో పట్టవచ్చు. పక్క కుర్చీ నుంచి ఆ మాట రేపు ఉదయమే రావచ్చు.