ఇండికేటరు ఎందుకు మసకబారింది?

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉంటున్నాయి. ఆ పట్టణంలోని మలంచాలో ఒక కాలేజీ కుర్రవాడు తన మోటారు సైకిలుకున్న పాత ఇండికేటర్లు తీసేసి, బజారులో దొరికే ఎల్.ఇ.డి. ఇండికేటర్లు బిగించుకున్నాడనుకుందాం. రాత్రి ఇంటి ముందు వేసి చూస్తే బాగానే వెలిగాయి. కాని మర్నాడు మధ్యాహ్నం ఎండలో వెనక నుండి చూసిన స్నేహితుడు "అసలు వెలుగుతున్నాయా?" అని అడిగాడు.

ఇది నవ్వి వదిలేసే విషయం కాదు. ఊరి పక్కనే 16వ నెంబరు జాతీయ రహదారి ఉంది. కోల్‌కతా నుండి వచ్చి, శ్రీకాకుళం, విశాఖపట్నం, విజయవాడల మీదుగా చెన్నై వెళ్ళే రోడ్డు అది. దాని మీద కుడివైపు తిరగబోయే బండి సంగతి వెనక వస్తున్న లారీ డ్రైవరుకు చెప్పేది ఆ చిన్న దీపమే. మరి అది ఎందుకు మసకబారింది? దీపం మంచిది కాదని పారేసే ముందు ఓం నియమాన్ని ఒకసారి గుర్తు చేసుకుందాం.

దీపం లోపల ఏముంది?

పాత ఇండికేటరు బల్బులో టంగ్‌స్టన్ తీగ వేడెక్కి వెలుగుతుంది. 10 వాట్ల బల్బు సుమారు 0.8 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. ఎల్.ఇ.డి. అలా కాదు. అది ఒక అర్ధవాహక డయోడు. కరెంటు ప్రవహించినప్పుడు ఎలక్ట్రాన్లు, రంధ్రాలు కలిసి, ఆ శక్తి నేరుగా కాంతిగా వెలువడుతుంది. కంటికి కనిపించే ఎర్రని కాంతినిచ్చే ఎల్.ఇ.డి.ని 1962లో నిక్ హోలోన్యాక్ తయారు చేశాడు. ఆయన శిష్యుడు జార్జి క్రాఫర్డ్ 1972లో పసుపు రంగు ఎల్.ఇ.డి.ని రూపొందించాడు.

ఇండికేటర్లలో వాడే పసుపు-నారింజ రంగు ఎల్.ఇ.డి. ఒక్కొక్కటి సుమారు 2.1 వోల్టులు తీసుకుంటుంది. నాలుగింటిని వరుసగా శ్రేణిలో కలిపితే 8.4 వోల్టులు. బ్యాటరీ 12.6 వోల్టులు ఇస్తుంటే మిగిలేది 4.2 వోల్టులు. ఆ వరుసలో 210 ఓముల నిరోధం ఉంటే 20 మిల్లీ ఆంపియర్ల కరెంటు ప్రవహిస్తుంది.

ఇప్పుడు దారిలో ఎక్కడో 2.1 వోల్టులు నష్టమై, దీపానికి 10.5 వోల్టులే అందాయనుకోండి. ఎల్.ఇ.డి.లు తమ వాటా 8.4 తీసుకోగా నిరోధానికి మిగిలేది 2.1 మాత్రమే. కరెంటు 10 మిల్లీ ఆంపియర్లకు పడిపోతుంది. అంటే వోల్టేజి ఆరో వంతు తగ్గితే కరెంటు సగమైపోయింది! దాంతో వెలుగూ దాదాపు సగమైంది.

దొంగను పట్టేదెలా?

చాలామంది దీపాన్ని విప్పి, వచ్చే తీగల మధ్య మీటరు పెట్టి చూస్తారు. 12.6 వోల్టులు చూపిస్తుంది. "కరెంటు సరిగ్గానే వస్తోంది, దీపానిదే తప్పు" అని తేల్చేస్తారు. పొరపాటు ఇక్కడే జరుగుతుంది.

కుళాయి పైపులో చెత్త అడ్డుపడింది. కుళాయి కట్టి ఉన్నంతసేపు లోపల నీటి పీడనం పూర్తిగానే ఉంటుంది. తిప్పితేనే ధార సన్నగా వస్తుంది. విద్యుత్తూ అంతే. కరెంటు ప్రవహించనప్పుడు చెడ్డ అతుకులో ఎంత నిరోధం ఉన్నా వోల్టేజి నష్టం సున్నా. అందుకని దీపం వెలుగుతుండగానే కొలవాలి.

ఇంజను ఆపి, తాళం చెవి తిప్పి ఉంచండి. ఇండికేటరు ఆరి వెలుగుతుంటే మీటరులో అంకె నిలవదు. కాబట్టి ఫ్లాషరుకు రెండే తీగలుంటే దాన్ని ఊడదీసి, ఆ రెండు తీగలను చిన్న తీగతో కలపండి. మూడు తీగలుంటే ఒకటి ఎర్తు. దాన్ని కలిపితే షార్టు అవుతుంది, జాగ్రత్త. ఫ్యూజు మాత్రం ఎప్పుడూ తీయవద్దు.

మొదట బ్యాటరీ రెండు కొసల మధ్య కొలవండి. 12 కంటే బాగా తక్కువ ఉంటే దోషం బ్యాటరీది. తరువాత మీటరు ఒక కొసను బ్యాటరీ రుణ ధ్రువానికి, రెండో దాన్ని దీపం ఎర్తు తీగకు తాకించండి. దాదాపు సున్నా రావాలి. 2 వోల్టులు వస్తే దొంగ దొరికినట్లే! పాత ఇండికేటర్లలో చాలా వాటికి లోహపు కాడే ఎర్తు. ప్లాస్టిక్ కాడ ఉన్న కొత్తవాటికి ఎర్తు తీగ వేరుగా ఉంటుంది. దాన్ని పెయింటు మీదనో తుప్పు మీదనో బోల్టు కింద నొక్కితే కరెంటుకు దారి ఇరుకవుతుంది. అక్కడ లోహం మెరిసేదాకా గీకి బిగిస్తే సరి.

ఎర్తు బాగుంటే బ్యాటరీ ధన ధ్రువానికి, దీపానికి కరెంటు తెచ్చే తీగకు మధ్య కొలవండి. ఇక్కడ వోల్టులు కనబడితే స్విచ్చినీ, అతుకులనూ ఒక్కొక్కటిగా చూడాలి. రెండు చోట్లా నష్టం లేకపోతే అప్పుడు దీపాన్ని అనుమానించవచ్చు. నారింజ రంగు అద్దం వెనుక తెల్ల ఎల్.ఇ.డి. పెడితే ఆ అద్దం చాలా కాంతిని మింగేస్తుంది. నారింజ ఎల్.ఇ.డి.యే వాడాలి.

ఫ్లాషరునూ మరచిపోకూడదు. ఇండికేటరు నిమిషానికి 60 నుండి 120 సార్లు వెలగాలి. పాత ఫ్లాషరు ఫిలమెంటు బల్బుల ఎక్కువ కరెంటుకు తయారైంది. ఎల్.ఇ.డి.ల కొద్ది కరెంటుతో అది సరిగా పనిచేయదు. ఎల్.ఇ.డి.ల కోసం చేసిన ఫ్లాషరు మార్చుకోవడమే మేలు. కొందరు దీపానికి సమాంతరంగా లోడు నిరోధం పెడతారు. అది వేడెక్కి, ఎల్.ఇ.డి. ఆదా చేసిన విద్యుత్తునంతా తినేస్తుంది.

మీరూ చేసి చూడండి

9 వోల్టుల బ్యాటరీ, ఒక ఎర్ర ఎల్.ఇ.డి., రెండు 330 ఓముల నిరోధాలు తీసుకోండి. ముందు ఒక నిరోధంతో, తరువాత రెండింటినీ శ్రేణిలో పెట్టి వెలుగు పోల్చండి. రెండో నిరోధం మీద వోల్టేజి కొలవండి. సుమారు 3.5 వోల్టులు వస్తుంది. ఇప్పుడు ఎల్.ఇ.డి.ని తీసేసి మళ్ళీ కొలవండి. సున్నా! దొంగ అక్కడే ఉన్నాడు, కాని కనబడడు.

బండి బాగుచేసిన తరువాత మిట్టమధ్యాహ్నం ముప్పై అడుగులు వెనక్కి నడిచి, కాస్త పక్కకు జరిగి కూడా చూడండి. లారీ డ్రైవరు చూసేది అక్కడి నుండే కదా!