ఎంసెట్ రాసొచ్చి ఆన్సర్లు పోల్చుకుంటున్నారా? ఆ లెక్క ఎందుకు తప్పుతుందో చూద్దాం

తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు నుంచి ఈఏపీసెట్ రాసేవాళ్ల కోసం ఈ ఎపిసోడ్. 2021లో పేరు మారింది గానీ మన ఇళ్లల్లో ఇప్పటికీ ఎంసెట్టే కదా, నేనూ అలాగే అంటాను.

పరీక్ష అయ్యాక ఏం జరుగుతుందో మీకు తెలుసు. తెనాలి స్టేషన్లో రేపల్లె బండి కోసం నిలబడ్డప్పుడే మొదలవుతుంది. "ఏరా, ఆ ఇంటిగ్రేషన్‌ది ఎంతొచ్చింది?" "పై బై ఫోర్." "నాకు పై బై టూ వచ్చిందేంట్రా!" అంతే, ఒకడి మొహం మాడిపోతుంది. ఇంటికెళ్లి "70 కూడా దాటవు నాన్నా" అనేస్తాడు. ఆ మాట పట్టుకుని నాన్న అప్పు తెచ్చి మరీ మేనేజ్‌మెంట్ సీటుకి అడ్వాన్సు కట్టేస్తాడు. పోల్చుకోవద్దని చెప్పినా మీరు మానరు, అది నాకూ తెలుసు. నా గొడవంతా ఈ అడ్వాన్సు గురించే.

మీ బాబాయిల కాలంలో ఈ లెక్కకి అర్థం ఉండేది. పెన్ను, ఓఎంఆర్ షీటు, అందరికీ ఒకే రోజు అవే ప్రశ్నలు. సెట్ మారితే ప్రశ్నల వరుస మారేదంతే. ఏపీలో 2017లో ఆన్‌లైన్ అయ్యింది. ఇప్పుడు కొన్ని రోజులపాటు, ఉదయం, మధ్యాహ్నం షిఫ్టులు. బాపట్లలో ఉన్న మీ కజిన్ వేరే షిఫ్టులో రాస్తే అది వేరే పేపరు. వాడి 107, మీ 100 పక్కపక్కన పెట్టి చూసి లాభం లేదు.

మరి ర్యాంకు ఎలా ఇస్తారు? నార్మలైజేషన్. ప్రతి షిఫ్టుకీ రెండు గుర్తులు తీస్తారు. ఒకటి, ఆ షిఫ్టు సగటుకి స్టాండర్డ్ డీవియేషన్ కలిపితే వచ్చే మార్కు. రెండోది, అందులో టాప్ 0.1 శాతం మంది సగటు. అన్ని షిఫ్టులకీ కలిపి కూడా ఇవే రెండు తీసి, మీ షిఫ్టు కొలతని ఆ ఉమ్మడి కొలతలోకి మారుస్తారు.

అర్థం కావడానికి ఊరికే కొన్ని అంకెలు అనుకుందాం. ఉమ్మడి గుర్తులు 75, 145. మీది కష్టమైన షిఫ్టు: 70, 140. మీ 100 కాస్తా 105 అవుతుంది. మీ కజిన్‌ది తేలికైన షిఫ్టు: 80, 150. వాడి 107 కాస్తా 102కి దిగుతుంది. బండిలో ఏడ్చింది మీరు, ముందున్నదీ మీరే!

సరే, ఒకే షిఫ్టులో రాసిన ఇద్దరి సంగతి? అక్కడా గుర్తున్నవే పోల్చుకుంటాం. మొత్తం 160 ప్రశ్నలు, 3 గంటలు: మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. బయటికొచ్చాక గుర్తుండేవి మహా అయితే పాతికో ముప్పయ్యో, అవీ ఎక్కువగా ఇబ్బంది పెట్టినవే. పైగా నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి చివర్లో అందరూ గుడ్డిగా పెట్టేస్తారు. 60 అలా పెడితే సగటున 15 తగులుతాయి. అదృష్టాన్ని బట్టి 9 రావచ్చు, 21 రావచ్చు. స్టేషన్లో ఈ మార్కుల్ని ఎవడు లెక్కేశాడు చెప్పండి?

ఇంకోటి. ఏపీలో ర్యాంకుకి ఎంసెట్ 75 శాతం, ఇంటర్ గ్రూపు సబ్జెక్టులు 25 శాతం అనే లెక్క ఉంది. ఈ ఏడాది నోటిఫికేషన్‌లో ఒకసారి చూసుకోండి. ఇంటర్లో మీకు మంచి మార్కులుంటే అదీ కలిసొస్తుంది.

ఇక ఏం చెయ్యాలంటే, ప్రిలిమినరీ కీ, మీ రెస్పాన్స్ షీట్ సైట్లో పెడతారు. రెండూ ఫోన్లో డౌన్‌లోడ్ చేసుకోండి. ప్రశ్నల వరుస చూసి కాదు, క్వశ్చన్ ఐడీ చూసి సరిపోల్చండి. కీ తప్పనిపిస్తే పుస్తకంలో ఆధారం చూపించి అభ్యంతరం పెట్టండి. గడువు కొద్ది రోజులే ఉంటుంది, "తర్వాత చూద్దాంలే" అంటే అయిపోతుంది. కన్వీనర్ కోటా కౌన్సెలింగ్ ర్యాంకులొచ్చాకే మొదలవుతుంది, కాబట్టి అప్పటిదాకా నాన్నని ఆగమనండి. ఏ కాలేజీ వాళ్లైనా "రేపటికి సీటుండదు" అని తొందరపెడితే, అడ్వాన్సు ఏ పరిస్థితిలో తిరిగిస్తారో కాగితం మీద రాసిమ్మని అడగమనండి.