తీగచుట్టలో ప్రతిధ్వని

విశాలమైన ఆలయ మంటపంలో చప్పట్లు చరిస్తే ఆ శబ్దం వెంటనే సమసిపోదు. స్తంభాలకు, గోడలకు తగిలి మరలి వస్తూ క్రమంగా క్షీణిస్తుంది. కోల్‌కతాలోని సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో వాద్యసంగీతం విన్నవారికి ఇది అనుభవైకవేద్యమే. శాస్త్రజ్ఞులు దీనిని అనురణనం అంటారు. సంగీతకారులు రివర్బ్ అంటారు. క్వార్టర్సులోని పదడుగుల గదిలో కూర్చుని గిటార్ వాయించేవారికి ఆ మంటపం ఎక్కడినుండి వస్తుంది? ఒక చిన్న పెట్టెలో బిగించిన రెండు మూడు స్ప్రింగులలోనుండి వస్తుందంటే పాఠకులకు ఆశ్చర్యం కలుగవచ్చు. అట్టి పెట్టె ఒకటి నిరుడు దుర్గాపూజల ముందు మా చేతికి వచ్చింది.

మాతో చిరకాలం పనిచేసి కొన్నేళ్ల క్రితం దివంగతులైన ఒక మిత్రుడు మా రిక్రియేషన్ క్లబ్బు వాద్యబృందంలో గిటార్ వాయించేవారు. ఈసారి విజయా సమ్మిలనిలో ఆయన కుమార్తె వాయించవలసి ఉన్నది. ఆమె ఆ పెడల్‌ను గుడ్డలో చుట్టి తెచ్చి, "బాబాయి గారూ, దుకాణంలో ఇది ఇక పనికిరాదు, కొత్తది కొనుక్కోమన్నారు. ఇది నాన్నగారిది. ఒక్కసారి చూస్తారా?" అని అడిగినది. కార్యక్రమానికి పది రోజుల గడువున్నది. మేమూ, పదవీ విరమణ చేసిన మరొక మిత్రుడూ సాయంకాలాలు ఆ పనికి కూర్చున్నాము.

పనిచేయు విధానం

ఈ సాధనం వెనుక ఒక చిన్న చరిత్ర ఉన్నది. దూరప్రాంత టెలిఫోన్ తీగలలో కలిగే ఆలస్యాన్ని ప్రయోగశాలలో అనుకరించడానికి బెల్ సంస్థవారు స్ప్రింగులను వాడారు. లారెన్స్ హామండ్ 1930లలో ఆ సూత్రాన్ని తన ఎలక్ట్రిక్ ఆర్గన్‌కు అన్వయించారు. 1961లో ఫెండర్ సంస్థ గిటార్ కొరకు ప్రత్యేక రివర్బ్ పెట్టెను విడుదల చేసింది.

సూత్రం ఫారడే 1831లో కనుగొన్నదే. గిటార్ సంకేతం ఒక తీగచుట్టలో ప్రవహించినప్పుడు అయస్కాంతక్షేత్రం కలుగుతుంది. స్ప్రింగు కొననున్న చిన్న అయస్కాంతం అందుకు అనుగుణంగా మెలితిరుగుతుంది. ఆ మెలిక స్ప్రింగు వెంట పయనించి, రెండవ కొననున్న అయస్కాంతాన్ని కదిలిస్తుంది. అక్కడి తీగచుట్టలో మరల విద్యుత్తు పుడుతుంది. సాధారణంగా ఈ ప్రయాణానికి 30 నుండి 40 మిల్లీసెకన్లు పడుతుంది. కొంత మెలిక వెనుకకు మరలి, తిరిగి వస్తూ ఉంటుంది. ఒక్కొక్క స్ప్రింగు ఆలస్యం ఒక్కొక్క విధంగా ఉండుటచేత ఆ మరలింపులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి మంటపమనే భ్రమ కలుగుతుంది.

మా పొరపాటు

పెడల్‌లో గిటార్ అసలు ధ్వని సక్రమంగానే వస్తున్నది. ప్రతిధ్వని మాత్రమే లేదు. మేము అనుభవజ్ఞులమనే ధీమాతో, కొలతలేవీ తీయకుండానే ఐ.సి. చెడిపోయినదని నిశ్చయించాము. చాందినీ మార్కెట్టుకు వెళ్లి టీఎల్ 072 కొనితెచ్చి మార్చాము. రెండు సాయంకాలాలు వ్యర్థమైనవి. ప్లాంటులో కుర్రవారికి 'ముందు కొలవండి, తరువాత విప్పండి' అని చెప్పే మేమే ఆ మాట మరచాము.

మూడవ రోజున స్ప్రింగుల పెట్టెను వేలితో తట్టాము. బాగున్న పెట్టె అయితే స్పీకరులో ఉరుము వినిపించాలి. నిశ్శబ్దం. అనగా లోపం స్ప్రింగుల తరువాతి భాగంలో ఉన్నదన్నమాట. మల్టీమీటరుతో చూడగా రెండవ తీగచుట్ట అనంత నిరోధం చూపినది. భూతద్దంతో పరిశీలిస్తే, వెంట్రుక కంటె సన్నని రాగితీగ టెర్మినల్‌తో కలిసేచోట పచ్చని చిలుమై తెగిపోయి ఉన్నది. ఎన్నో వానకాలాల తేమ చేసిన పని అది. ఒక చుట్టు వదులు చేసి, ఎనామెల్ గీకి, సన్నమొన ఇస్త్రీతో సోల్డర్ చేశాము. వందల చుట్లలో ఒకటి తగ్గినందున నష్టమేమీ లేదు. మరల తట్టగానే ఉరుము మ్రోగినది. స్విచ్చిబోర్డు వద్దనున్న అడాప్టరును పెట్టెకు మూడడుగుల దూరం జరపగా 50 హెర్ట్జ్ గుంయిమనే మ్రోతకూడా తగ్గినది.

మార్పు, దానికి సవరణ

అంతటితో ఆగితే మేము ఇంజనీర్లము ఎట్లా అవుతాము? మంద్రస్వరాలలో ప్రతిధ్వని బురదగా ఉన్నదని మాకు తోచినది. స్ప్రింగుకు సంకేతమందించే దారిలో 0.1 మైక్రోఫ్యారడ్ కెపాసిటర్, దాని తరువాత 10 కిలో ఓమ్ నిరోధం ఉన్నవి. అక్కడ సుమారు 160 హెర్ట్జ్ వద్ద మంద్రం తగ్గనారంభిస్తుంది. కెపాసిటర్‌ను 0.047కు మార్చితే ఆ హద్దు సుమారు 340 హెర్ట్జ్‌కు జరుగుతుంది. మార్చాము. ధ్వని నిర్మలమైనది.

ఆ అమ్మాయి వచ్చి వాయించి, కొంతసేపు మౌనంగా ఉన్నది. "చాలా బాగున్నది బాబాయి గారూ. కాని నాన్నగారు వాయిస్తే ఇట్లా వినిపించేది కాదు" అన్నది. మేము ఒకరి ముఖం ఒకరం చూచుకున్నాము. బురద అని మేము తీసివేసినదే ఆమెకు ఇంటిలో చిన్ననాట వినిపించిన ధ్వని.

పరిష్కారం సులభమే. మరొక 0.047 కెపాసిటర్‌ను సమాంతరంగా ఒక చిన్న స్విచ్చి ద్వారా కలిపాము. రెండూ కలిసితే 0.094, పాతదానికి ఇంచుమించు సమానమే. స్విచ్చి ఒకవైపు మా ధ్వని, రెండవవైపు తండ్రిగారి ధ్వని.

విజయా సమ్మిలనినాడు ఆమె స్విచ్చిని ఏ వైపు ఉంచినదో వేరుగా చెప్పనక్కరలేదు. ముందు వరుసలో కూర్చున్న ఆమె తల్లిగారు మొదటి స్వరాలకే తల వంచుకుని కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. ఖర్చైనది రెండు కెపాసిటర్లు, ఒక స్విచ్చి, అనవసరమైన ఒక ఐ.సి. ఆ ఐ.సి. ధరను మేము గురుదక్షిణగా లెక్క వ్రాసుకున్నాము.